కారు టైర్లలో గాలి ఎంత ఉండాలి, పంక్చరైతే స్టెప్నీ ఎలా మార్చాలి: సమగ్ర మార్గదర్శి

ఎండాకాలం మొదలైతే చాలు, మన దగ్గర ఒక సలహా అందరి నోటా వినిపిస్తుంది: "ఎండలు ముదిరాయి, టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించి పెట్టుకో, లేకపోతే పేలిపోతాయి." మంచి ఉద్దేశంతో చెప్పే మాటే, కానీ పూర్తిగా తప్పు. గాలి తగ్గిన టైరే ఎక్కువ వేడెక్కుతుంది, పేలే ప్రమాదమూ దానికే ఎక్కువ.

గాలి తక్కువగా ఉన్న టైరు చక్రం తిరిగిన ప్రతిసారీ పక్క గోడ దగ్గర లోపలికి నొక్కుకుని మళ్లీ సాగుతుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఇది సెకనుకు పది పదిహేనుసార్లు జరుగుతుంది. రబ్బరు అలా వంగి లేచినప్పుడల్లా వేడి పుడుతుంది. ఆ వేడికి రబ్బరు, లోపలి తీగల పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవడం మొదలవుతుంది. మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడకు, నిండా మనుషులు, డిక్కీ నిండా సామానుతో, గాలి తగ్గిన టైర్ల మీద 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కామంటే ప్రమాదాన్ని కారుతో పాటు తీసుకెళ్తున్నట్టే. కంపెనీ చెప్పిన అంకె చల్లటి టైరుకు చెప్పినది. పరుగులో టైరు వేడెక్కి లోపల ఒత్తిడి నాలుగైదు పాయింట్లు పెరుగుతుందన్నది లెక్కలో వేసుకునే ఆ అంకె ఇస్తారు. ఎండాకాలం కోసం మనం విడిగా తగ్గించాల్సిన పని లేదు.

మీ కారుకు ఎంత గాలి కావాలి?

డ్రైవర్ వైపు తలుపు తెరవండి. సీటు పక్కన, తలుపు మూసుకునే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. కొన్ని కార్లలో పెట్రోల్ మూత లోపలి వైపు ఉంటుంది. అక్కడ లేకపోతే కారుతో ఇచ్చిన మాన్యువల్‌లో తప్పకుండా ఉంటుంది. ముందు టైర్లకు, వెనక టైర్లకు విడివిడిగా అంకెలుంటాయి. చాలా స్టిక్కర్ల మీద రెండు వరుసలు కూడా కనిపిస్తాయి: ఒకటి ఇద్దరు ముగ్గురు ప్రయాణించేటప్పుడు, రెండోది పూర్తి బరువుతో వెళ్లేటప్పుడు. ఇంటిల్లిపాదీ సామాన్లతో తిరుపతి బయల్దేరుతుంటే ఆ రెండో వరుస చూడాలి. పూర్తి బరువుకు వెనక టైర్లలో మామూలు కంటే ఎక్కువ గాలి అడిగే కార్లు చాలానే ఉన్నాయి, దాన్ని పట్టించుకునేవాళ్లే తక్కువ.

మనం పాయింట్లు అంటున్నది పీఎస్‌ఐనే, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అన్న కొలత. స్టిక్కర్ మీద బార్ అని ఉంటే ఒక బార్ అంటే దాదాపు 14.5 పాయింట్లు, కాబట్టి 2.2 బార్ అంటే సుమారు 32. మన చిన్న కార్లలో చాలావాటికి 29 నుంచి 35 మధ్యలో ఏదో ఒక అంకె ఉంటుంది. పక్కింటివాళ్ల కారు అంకె మీ కారుకు పనికిరాదు.

టైరు పక్క గోడ మీద ఇంకో పెద్ద అంకె అచ్చై ఉంటుంది, 44 లేదా 51 అలా. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి. అంత కొట్టించమని దానర్థం కాదు. అంత గాలి పడితే టైరు ఉబ్బి మధ్య భాగం మాత్రమే రోడ్డుకు ఆనుతుంది, వానలో బ్రేకు వేస్తే పట్టు దొరకదు, ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది.

ఎప్పుడు చూడాలి?

టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కారు కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించకుండా నెమ్మదిగా నడిచి ఉండాలి. ఉదయం పూట, కారు మీద ఎండ పడకముందు చూసుకోవడం అన్నిటికంటే మంచిది. ఒకవైపు టైర్ల మీదే ఎండ పడుతుంటే ఆ రెండూ ఎక్కువ చూపిస్తాయి.

ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు మారితే ఒత్తిడి సుమారు ఒక పాయింటు మారుతుంది. చలికాలంలో ఆదిలాబాద్ వైపు మధ్యాహ్నం 30 డిగ్రీలకు దగ్గరగా ఉండి తెల్లవారుజామున ఆరేడు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. మధ్యాహ్నం 33 చూపించిన టైరే తెల్లారేసరికి 29 చూపిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద టైరు లైటు వెలిగిందని టెన్షన్ పడక్కర్లేదు. నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే అది చలి పని. ఒక్క టైరే తగ్గితే పంక్చర్ అనుకుని వెతకండి.

ఏ తప్పూ లేని టైరు కూడా నెలకు ఒకటి రెండు పాయింట్లు కోల్పోతుంది. అందుకే కనీసం నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు ఒకసారి చూడటం తప్పనిసరి. కారు వాడకుండా ఇంటి ముందే పెట్టినా గాలి తగ్గుతూనే ఉంటుంది.

గాలి కొట్టించుకునే పద్ధతి

ముందు మీ దగ్గర గాలి ఒత్తిడి కొలిచే సొంత గేజీ ఉండాలి. కొన్ని వందల రూపాయల్లో మంచి డిజిటల్ గేజీ దొరుకుతుంది. బంకులో మిషన్ రోజంతా వందల బళ్లకు వాడతారు, పైపు కిందపడుతుంది, లారీ తొక్కుతుంది. దాని అంకె ఎంతవరకు నిజమో మీ గేజీతోనే తెలుస్తుంది. ఇంకో రెండు మూడు వేలు పెట్టగలిగితే కారు సాకెట్‌కు పెట్టుకునే చిన్న కంప్రెసర్ కొనండి. కారు అలంకరణకు పెట్టే డబ్బులో మొదటి ఖర్చు ఇదే అయితే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇంట్లో చూసేటప్పుడు వాల్వ్ మూత తీసి పోగొట్టుకోకుండా జేబులో వేసుకోండి. గేజీని వాల్వ్ మీద నేరుగా, ఒక్క ఊపులో గట్టిగా నొక్కండి. 'స్స్' మని శబ్దం కొద్దిగా వచ్చి వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా వస్తుంటే గేజీ వంకరగా పట్టుకున్నట్టు, ఆ అంకెను నమ్మొద్దు. రెండుసార్లు కొలిచి రెండూ కలిస్తేనే లెక్కలోకి తీసుకోండి.

బంకులో ఉచితంగా గాలి కొడతారు. కానీ మీరు ఏమీ చెప్పకపోతే గాలి కొట్టే తమ్ముడు ముందు బండికి పెట్టిన అంకెతోనే మీకూ కొట్టేస్తాడు. కారు దిగి "తమ్ముడూ, ముందు 33, వెనక 36" అని మీ అంకెలు స్పష్టంగా చెప్పండి, మిషన్ మీద ఆ అంకె పెట్టేదాకా చూడండి. బంకు మీ ఇంటికి దగ్గర్లో ఉంటే టైర్లు ఇంకా చల్లగానే ఉంటాయి. దూరమైతే ఇంట్లోనే చల్లగా కొలిచి ఎన్ని పాయింట్లు తక్కువో రాసుకోండి. నాలుగు తగ్గింది అనుకుంటే, బంకులో వేడిగా ఉన్నప్పుడు గేజీ ఎంత చూపిస్తే దానికి నాలుగు కలిపి కొట్టించండి.

ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. హైవే మీద టీ కోసం ఆగి, వేడి టైర్లు కొలిస్తే 38 కనిపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి. టైరు చల్లారాక అది మామూలు అంకెకే వస్తుంది. ఇప్పుడు తీసేస్తే చల్లారాక 28కి పడిపోతుంది.

చివరగా వాల్వ్ మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేయండి. బుడగ పెరుగుతూ వస్తే లోపలి పిన్ నుంచి గాలి పోతోందన్నమాట. పిన్ మార్చడం ఏ పంక్చర్ షాపులోనైనా రెండు నిమిషాల పని. తర్వాత మూత పెట్టండి, దుమ్మూ నీళ్లూ లోపలికి పోకుండా ఆపేది అదే.

నైట్రోజన్ గురించి చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే దాదాపు 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ నింపితే గాలి కొంచెం నెమ్మదిగా తగ్గుతుంది, లోపల తేమ ఉండదు. నష్టమేమీ లేదు కానీ నెలకోసారి చూసే పని మాత్రం తప్పదు. నైట్రోజన్ ఉన్న టైరులో మామూలు గాలి కలిపినా ఏమీ కాదు. గాలి తక్కువైతే నైట్రోజన్ కోసం వెతుక్కుంటూ అలాగే నడపడమే అసలు తప్పు.

కొత్త కార్లలో టైరు ఒత్తిడి చూపించే టీపీఎంఎస్ వస్తోంది. కొన్నిటిలో ప్రతి చక్రంలోనూ సెన్సర్ ఉండి అంకె చూపిస్తుంది, కొన్నిటిలో చక్రాల వేగంలో తేడాను బట్టి అంచనా వేస్తుంది. రెండో రకంలో గాలి కొట్టించాక మెనూలో రీసెట్ నొక్కాలి. చాలా కార్లలో ఆ లైటు గాలి బాగా తగ్గాకే వెలుగుతుంది కాబట్టి గేజీ పక్కన పెట్టేయకండి.

టైరు చూస్తూ చెప్పగలిగే సంగతులు

గాలి చూసేటప్పుడు టైరు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే ఎన్నాళ్లుగానో గాలి తక్కువతో నడిచిందని. మధ్య అరిగి అంచులు బాగుంటే గాలి ఎక్కువ. ఒక అంచే అరిగితే చక్రాలు వంకర లేకుండా సరిచేసే అలైన్‌మెంట్ చేయించాలి. పక్క గోడ మీద గుడ్డులా ఉబ్బు కనిపిస్తే లోపలి తీగలు తెగాయని అర్థం, గుంతలో గట్టిగా పడ్డప్పుడు ఇలా జరుగుతుంది. ఆ టైరుకు మరమ్మతు లేదు, మార్చాల్సిందే.

టైరు రోడ్డుకు ఆనే వైపున్న అచ్చు (ట్రెడ్) గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి. పై రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు. మన మోటారు వాహన నిబంధనల్లో కార్లకు కనీస లోతు అదే. వానాకాలంలో మాత్రం అంతదాకా ఆగకపోవడం మంచిది, గాడులు లోతుగా ఉంటేనే నీళ్లు పక్కకు పోతాయి. టైరు వయసు కూడా దాని మీదే ఉంటుంది. 2322 లాంటి నాలుగంకెలుంటే 2022లో 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగే కార్లలో టైర్లు అరగకుండానే ముసలివవుతాయి. రబ్బరులో సన్నటి పగుళ్లు వస్తే, అచ్చు ఎంత బాగున్నా నమ్మొద్దు.

స్టెప్నీ సంగతి ముందే చూసుకోండి

నడిరోడ్డు మీద చాలామందిని ఇబ్బంది పెట్టేది పంక్చర్ కాదు, అవసరానికి పనికిరాని స్టెప్నీ. డిక్కీలో సామాను కింద ఏళ్ల తరబడి పడి ఉంటుంది, 15 పాయింట్లు కూడా మిగలదు. నెలనెలా నాలుగు టైర్లు చూసేటప్పుడు అయిదోది కూడా చూడండి. దానికి రెండు మూడు పాయింట్లు ఎక్కువే పెట్టి ఉంచండి, అవసరమైనప్పుడు తగ్గించుకోవచ్చు.

ఇన్నోవా, ఎర్టిగా లాంటి కార్లలో స్టెప్నీ కారు కింద వేలాడుతుంది. దాన్ని దించే మర బురదకు, తుప్పుకు బిగుసుకుపోతుంది కాబట్టి ఏడాదికి ఒకటి రెండుసార్లు దించి ఎక్కించండి.

డిక్కీలో జాకీ, జాకీ తిప్పే కడ్డీ, వీల్ పానా, ఎర్ర త్రికోణం, టార్చి ఉన్నాయో లేదో చూసుకోండి. అల్లాయ్ చక్రాలకు దొంగతనం జరక్కుండా లాక్ నట్లు వేయించి ఉంటే వాటి తాళం కూడా కారులోనే ఉండాలి. కారుతో ఇచ్చే పానా పొట్టిగా ఉంటుంది, పొడవాటి పానా ఒకటి కొనుక్కుంటే పని సగం తేలికవుతుంది. ఒక చెక్క ముక్క, పాత గ్లౌజులు, కూర్చోవడానికి గోనెసంచి కూడా వేసుకోండి.

కొన్ని కొత్త కార్లలో స్టెప్నీయే ఉండదు. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదని 2020లో నిబంధనలు సవరించారు. మీది అలాంటి కారైతే కిట్ వాడే పద్ధతి ఇంట్లో ఉన్నప్పుడే చదువుకోండి.

పంక్చరైంది, ఇప్పుడేం చేయాలి?

నడుస్తుండగా టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి, కారు తనంతట తాను వేగం తగ్గాక ఎడమకు తీయండి.

మేకు దిగిందని కనిపించినా గాలి నెమ్మదిగానే పోతుంటే మేకు పీకొద్దు. ట్యూబ్‌లెస్ టైరులో ఆ మేకే రంధ్రాన్ని కాస్త మూసి ఉంచుతుంది. కంప్రెసర్‌తో గాలి నింపి, నెమ్మదిగా దగ్గర్లోని షాపుకు వెళ్లొచ్చు. టైరు పూర్తిగా చదునైతేనే మార్చే పని.

ఎక్కడ ఆపుతున్నారన్నదే ప్రాణం కాపాడేది. మలుపులో, వంతెన మీద, ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట వేగంగా వెళ్లే లేన్ పక్కన అసలు ఆపొద్దు. టైరు పాడైనా సరే, నడక వేగంతో కొంచెం ముందుకు వెళ్లి విశాలమైన, సమతలమైన, గట్టి నేల చూసుకోండి. టైరు ఖరీదు మనిషి కంటే ఎక్కువ కాదు. కుడివైపు టైరు పంక్చరై, మీ వీపు ట్రాఫిక్ వైపు పెట్టి కూర్చోవాల్సి వస్తే ఆ పని చేయకండి. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేసి సాయం అడగండి.

ఆపగానే హజార్డ్ లైట్లు వేయండి. పిల్లలను, పెద్దవాళ్లను ఎడమవైపు నుంచి దింపి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి, హైవే మీద ఇంకా దూరంగా. హ్యాండ్ బ్రేక్ వేసి ఇంజన్ ఆపి మొదటి గేరులో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో ఉంచండి. మార్చాల్సిన చక్రానికి ఎదురుమూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. వెనక చక్రం ఒకటి పైకి లేపామంటే ఆ పట్టు తగ్గిపోతుంది, అందుకే ముందు చక్రానికి రాయి తప్పనిసరి.

మార్చే పని, వరుసగా

మొదట స్టెప్నీ, పనిముట్లు బయటికి తీయండి. కారు లేచాక డిక్కీలోంచి బరువులు లాగకూడదు.

రెండు: కారు నేల మీద ఉండగానే నట్లు వదులు చేయండి. ఇది తలకిందులైతే చక్రం గాల్లో తిరుగుతూ నట్టు ఊడదు. నట్టును ఎడమవైపుకు తిప్పాలి. పానా పిడి ఎడమ పక్కకు అడ్డంగా వచ్చేలా పెట్టి, కాలితో కిందికి అదమండి. 'కిర్రు' మని ఒక్క శబ్దంతో కదులుతుంది. ఒక్కో నట్టు అరచుట్టు చాలు, పూర్తిగా తీయొద్దు.

మూడు: జాకీ. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. తలుపుల కింద, కారు అంచు పొడవునా రెండు రేకులు కలిసిన అంచు ఒకటి ఉంటుంది. ముందు చక్రానికి కొంచెం వెనక, వెనక చక్రానికి కొంచెం ముందు ఆ అంచులో రెండేసి చిన్న గాట్లు కనిపిస్తాయి. ఆ రెండు గాట్ల మధ్యనే జాకీ తల గాడి కూర్చోవాలి. చీకట్లో కంటికి కనబడకపోతే వేలితో తడిమితే తెలుస్తాయి. ఇంకెక్కడ పెట్టినా రేకు సొట్టపోతుంది, జాకీ జారుతుంది. నేల మెత్తగా ఉంటే, మే నెలలో తారు మెత్తబడినా, జాకీ కింద చెక్క ముక్క పెట్టండి. జాకీ నిటారుగా లేస్తోందా అని రెండు మూడు తిప్పులకోసారి చూడండి. వంగుతుంటే దించి మళ్లీ పెట్టండి. మంచి టైరు పట్టేంత, అంటే నేలకు నాలుగు వేళ్ల ఎత్తు లేస్తే చాలు.

కారు జాకీ మీద ఉన్నంతసేపు కాలూ చెయ్యీ తలా ఏదీ కారు కిందికి పోకూడదు, లోపల ఎవరూ ఉండకూడదు. స్టెప్నీని కారు అంచు కింద పడుకోబెట్టండి. జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది. పాత చక్రం తీశాక రెండిటినీ మార్చుకోండి.

నాలుగు: నట్లు తీసి, మట్టి అంటకుండా గుడ్డ మీద పెట్టి చక్రం లాగండి. తుప్పుతో అతుక్కుని రాకపోతే టైరు పక్కల మీద చేత్తో అటూ ఇటూ కొట్టండి, జాకీ మీద ఉన్న కారును మాత్రం ఊపొద్దు. అప్పటికీ రాకపోతే నట్లు వదులుగా పెట్టి కారు దించి, ఒక అడుగు ముందుకూ వెనక్కూ కదిలించి మళ్లీ లేపండి. ఆ బరువుకే వదులవుతుంది.

అయిదు: స్టెప్నీ ఎక్కించండి. కాలి బొటనవేలు టైరు కిందకు పెట్టి లేపితే రంధ్రాలు సులభంగా కలుస్తాయి. నట్టులో కోసుగా ఉండే వైపు చక్రం వైపుకే రావాలి. ముందు చేత్తో బిగించండి, మరలు సరిగా పడ్డాయో లేదో చేతికే తెలుస్తుంది. తర్వాత పానాతో కొద్దిగా, ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్న నట్టు. అయిదు నట్లుంటే ఒకటి వదిలి ఒకటి. పక్కపక్కనే బిగిస్తే చక్రం వంకరగా కూర్చుంటుంది.

ఆరు: కారు పూర్తిగా దించి, అదే వరుసలో గట్టిగా బిగించండి. చిన్న కార్లలో చాలావాటికి ఈ బిగింపు బలం (టార్క్) 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూడండి. పానా మీద ఎక్కి నిలబడి బిగించొద్దు, నట్టు ఎక్కే మరకడ్డీ (స్టడ్) సాగుతుంది, మళ్లీ తీసేటప్పుడు తెగుతుంది. చేత్తో గట్టిగా అదిమితే సరిపోతుంది. తర్వాత షాపులో, బిగింపు బలం కొలిచే పానా అయిన టార్క్ రెంచ్‌తో సరిచూపించండి.

మార్చాక

గేజీతో స్టెప్నీ గాలి చూసి బయల్దేరండి. మిగతా వాటి కంటే చిన్న సైజు స్టెప్నీ అయితే దాని మీద వేగ పరిమితి రాసి ఉంటుంది, సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు. అది షాపు దాకా వెళ్లడానికే, ఊరెళ్లి రావడానికి కాదు. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మరోసారి బిగించి చూడండి.

పంక్చరైన టైరు వెంటనే బాగు చేయించండి, ఎందుకంటే ఇప్పుడు మీ దగ్గర స్టెప్నీ లేదు. బయటి నుంచి గుచ్చే రబ్బరు స్ట్రిప్ త్వరగా అయిపోతుంది కానీ, టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారంలో ఉండే అతుకు (మష్రూమ్ ప్యాచ్) వేయించడమే నమ్మకమైనది. విప్పితేనే, గాలి లేకుండా నడిచినప్పుడు లోపలి గోడ నలిగిందా అన్నది కూడా కనిపిస్తుంది. లోపల నల్లటి రబ్బరు పొడి రాలితే ఆ టైరు ఇక పనికిరాదు. పక్క గోడలో రంధ్రం పడినా, అచ్చు మీద ఆరు మిల్లీమీటర్లకు మించిన రంధ్రమైనా అతుకు వేయించొద్దు, షాపతను "ఏం కాదు సార్" అన్నా సరే. బాగైన చక్రానికి బ్యాలెన్సింగ్ చేయించి, దాని స్థానంలో బిగించి, స్టెప్నీకి మళ్లీ గాలి నింపి డిక్కీలో పెట్టేయండి.